44 ఏళ్ల వంటమనిషి, 17 రోజుల రక్తస్రావం: పెరిమెనోపాజ్ (ముట్లుడిగే సంధికాలం)పై ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని స్త్రీ అనుమతి తీసుకున్న తరువాతే దీన్ని రాస్తున్నాను. ఊరు, కుటుంబం వంటి గుర్తుపట్టే వివరాలను మార్చాను; పరీక్షల ఫలితాలనూ చికిత్స జరిగిన వరుసనూ ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. ఇందులో నేను చేసిన పొరపాటు కూడా ఒకటి ఉంది, దాన్నీ అలాగే ఉంచాను.

పల్నాడులోని ఒక చిన్న పట్టణంలో నేను స్త్రీవైద్యం చేస్తున్నాను. ఒక ఫిబ్రవరి ఉదయం 44 ఏళ్ల స్త్రీ ఒకరు తన తోడికోడలిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆమె ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండే ముగ్గురిలో ఒకరు. రోజూ 180 మంది పిల్లలకు వండాలి. చేతిలో మరో ఆసుపత్రిలో తీయించిన స్కానింగ్ రిపోర్టు, దానితోపాటు ఆపరేషన్‌కు ఎంత ఖర్చవుతుందో రాసి ఇచ్చిన చీటీ ఉన్నాయి. "సంచి వాచింది, పుండు కూడా ఉంది, ఆలస్యం చేస్తే క్యాన్సర్‌లోకి దిగుతుంది" అని ఆమెకు చెప్పారట. డ్వాక్రా సంఘంలో అప్పు కూడా అడిగి ఉంచారు. ఆమె నా దగ్గరకు రెండో అభిప్రాయం కోసం రాలేదు. మా దగ్గర ఖర్చు తగ్గుతుందా, బడికి వేసవి సెలవులు ఇచ్చాక చేయించుకుంటే పని పోకుండా కుదురుతుందా అని అడగడానికి వచ్చారు.

తోడికోడలికి 36వ ఏట గర్భసంచి తీశారు. "నేను చేయించుకోలా? పీడా వదిలింది" అని ఆమె ధైర్యం చెబుతున్నారు. ఆ మాట నేను విన్నాను, రాసుకోలేదు.

రుతుక్రమం గురించి అడిగినప్పుడు అసలు కథ బయటపడింది. 13వ ఏట పెద్దమనిషి అయినప్పటి నుంచి 42 ఏళ్లు వచ్చేదాకా ఆమెకు 28 నుంచి 30 రోజులకొకసారి, నాలుగు రోజుల పాటు, లెక్క తప్పకుండా నెలసరి వచ్చేది. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ సాధారణ కాన్పులే. 23వ ఏట కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. గత ఏడాదిన్నరగా క్రమం తప్పింది. వంటగది క్యాలెండర్‌లో గ్యాస్ బండ మార్చిన తేదీల పక్కనే ఆమె నెలసరి తేదీలను కూడా చుక్కలు పెట్టుకుంటారు. మర్నాడు ఆ క్యాలెండర్‌ను తెప్పించి చూస్తే వ్యవధులు 22, 38, 24, 47 రోజులుగా ఉన్నాయి. చివరిసారి 64 రోజులు అసలు రాలేదు. ఆ తరువాత మొదలైన రక్తస్రావం 17 రోజులుగా గడ్డలు గడ్డలుగా సాగుతూనే ఉంది.

స్కానింగ్ రిపోర్టు కంటే ఆ క్యాలెండరే రోగనిర్ధారణకు ఎక్కువ పనికొచ్చిందని నా అభిప్రాయం. స్త్రీల పునరుత్పత్తి వయోదశలను వర్గీకరించే స్ట్రా+10 ప్రమాణాల ప్రకారం, వరుస చక్రాల నిడివిలో 7 రోజులు లేదా అంతకు మించిన తేడా మళ్లీ మళ్లీ కనిపిస్తే అది ముట్లుడిగే సంధికాలపు తొలి దశ. 60 రోజులు లేదా అంతకు మించి నెలసరి ఆగితే అది మలి దశ. ఈ మలి దశ సాధారణంగా 1 నుంచి 3 ఏళ్లు ఉంటుంది. చివరి నెలసరి తరువాత 12 నెలలు పూర్తిగా గడిచాకే మెనోపాజ్ వచ్చిందని చెప్పగలం, అంటే ఆ తేదీ ఎప్పుడూ వెనక్కి తిరిగి చూసి చెప్పేదే. పాశ్చాత్య దేశాల్లో మెనోపాజ్ సగటు వయసు 51 ఏళ్లు కాగా మన దేశంలో అది 46-47 ఏళ్ల దగ్గర ఉంటుంది. ఆ లెక్కన 44 ఏళ్లకు సంధికాలంలో ఉండడం వింతేమీ కాదు. "మా అమ్మకీ 45కే ఉడిగాయి" అని ఆమే చెప్పారు.

అయితే వయసుకు సరిపోయిందని రక్తస్రావాన్ని పెరిమెనోపాజ్ ఖాతాలో వేసి ఊరుకోవడం కూడా ప్రమాదమే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న స్త్రీ అయినా సరే, ముందు గర్భం లేదని మూత్ర పరీక్షతో తేల్చుకున్నాను. హీమోగ్లోబిన్ 7.4, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ 6, రెండూ బాగా తక్కువ. థైరాయిడ్, రక్తం గడ్డకట్టే పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. మూడు నెలల సగటు చక్కెర 6.0 శాతం, అంటే మధుమేహం గుమ్మం దగ్గర ఉంది. బరువు 61 కిలోలు, బీపీ 132/84. మళ్లీ చేసిన స్కానింగ్‌లో గర్భసంచి పొడవు 9.8 సెంటీమీటర్లు, లోపలి పొర మందం 14 మిల్లీమీటర్లు, గోడలో 1.8 సెంటీమీటర్ల చిన్న కణితి, కుడి అండాశయంలో 3.2 సెంటీమీటర్ల నీటితిత్తి కనిపించాయి.

ఈ రిపోర్టులో భయపెట్టగల మాటలు చాలా ఉన్నాయి. రెండు కాన్పులైన స్త్రీ గర్భసంచి కొంచెం పెద్దగా ఉండడం సహజం. రిపోర్టులో 'బల్కీ' అని రాసే మాట కొలతను వర్ణిస్తుందే గానీ అది జబ్బు పేరు కాదు. ఆ మాట తెలుగులోకి వచ్చేసరికి 'వాపు' అవుతుంది, వాపు అంటే చీము, చీము అంటే ఆపరేషన్. గోడ మధ్యలో ఉండి లోపలి పొరను తాకని అంత చిన్న కణితి ఇంత రక్తస్రావానికి కారణం కాదు. నీటితిత్తి అండం విడుదల కాకుండా మిగిలిపోయిన ఫాలికల్, అంటే అండం పెరిగే చిన్న తిత్తి. రెండు నెలల తరువాతి స్కానింగ్‌లో అది కనిపించలేదు. పుండు అన్నదానికి, గర్భాశయ ముఖద్వారాన్ని స్వయంగా చూశాను: హాని చేయని ఒకటి రెండు చిన్న నాబోతియన్ తిత్తులు తప్ప ఏమీ లేవు, ముందస్తు క్యాన్సర్ పరీక్షలు కూడా మామూలుగానే వచ్చాయి.

పట్టించుకోవలసింది 14 మిల్లీమీటర్ల లోపలి పొర. నలభై దాటిన స్త్రీలో ఇలాంటి రక్తస్రావం ఉన్నప్పుడు ఆ పొర ముక్కను తీసి పరీక్షించకుండా గర్భసంచి తీయడమూ తప్పే, మాత్రలు రాసి పంపడమూ తప్పే. మత్తు అవసరం లేకుండా సన్నని గొట్టంతో ఓపీలోనే ఆ రోజే బయాప్సీ తీశాను. ఆ తరువాతే రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం 1 గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు 5 రోజులు, ప్రొజెస్టిరోన్ తరహా హార్మోన్ అయిన నోరెథిస్టిరోన్ 5 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు 3 వారాలు ఇచ్చాను. మూడో రోజుకు రక్తస్రావం తగ్గింది. ఇనుము లోటు లెక్క వేస్తే సుమారు 1,600 మిల్లీగ్రాములు తేలింది. మాత్రలతో అంత లోటు పూడడానికి నెలలు పడుతుంది కాబట్టి ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోస్ అనే ఇనుము మందును సెలైన్‌లో మొదట 1,000, వారం తరువాత 500 మిల్లీగ్రాములు ఎక్కించాం. ఆరు వారాలకు హీమోగ్లోబిన్ 11.1కి చేరింది. "బిందె ఎత్తితే గుండె దడ రావడం లేదు" అన్నారు. అప్పటివరకూ ఆ దడను ఆమె గుండెజబ్బుగా భావించి రెండుసార్లు ఈసీజీ తీయించుకున్నారు.

బయాప్సీ ఫలితం: హైపర్‌ప్లేసియా, కణాల్లో అసాధారణ మార్పులు లేవు. అంటే పొర అతిగా పెరిగింది, క్యాన్సర్ లేదు. ఈ రకం హైపర్‌ప్లేసియా 20 ఏళ్లలో క్యాన్సర్‌గా మారే అవకాశం 5 శాతం కంటే తక్కువ.

ఇది ఎందుకు ఇలా జరుగుతుందో ఆమెకు చెప్పవలసి వచ్చింది, ఎందుకంటే "ఏమీ లేకపోతే ఇంత రక్తం ఎందుకు పోతుంది" అన్న ఆమె ప్రశ్న న్యాయమైనది. పుట్టినప్పుడు పది, ఇరవై లక్షలుగా ఉండే అండకోశాలు (ఫాలికల్స్) ముట్లుడిగే నాటికి సుమారు వెయ్యికి తగ్గుతాయి. వాటి సంఖ్య తగ్గేకొద్దీ అవి విడుదల చేసే, ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అదుపులో ఉంచే ఇన్‌హిబిన్ బి అనే హార్మోన్ తగ్గుతుంది. ఆ అదుపు సడలడంతో మెదడు కింది పిట్యుటరీ గ్రంథి అండకోశాలను పెంచే ఆ ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్‌ను ఎక్కువగా వదిలి మిగిలిన అండకోశాలను తొందరపెడుతుంది. అందువల్ల సంధికాలంలో గర్భసంచి లోపలి పొరను పెంచే ఈస్ట్రోజెన్ నెమ్మదిగా, వరుసగా తగ్గుతూ పోతుందన్న సాధారణ అభిప్రాయం నిజం కాదు. కొన్ని నెలల్లో అది యౌవనంలో కంటే ఎక్కువగా కూడా ఉంటుంది. అదే సమయంలో అండం విడుదల కాని నెలలు పెరుగుతాయి. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరోన్ తయారు కాదు, పెరిగిన పొరను నిలకడగా పక్వానికి తెచ్చే హార్మోన్ అదే. వరి పండించే ఇంటి ఆడపడుచు కాబట్టి ఆమెకు ఇలా చెప్పాను: యూరియా ఎక్కువైన చేను ఏపుగా పెరుగుతుంది, కాండంలో బలం ఉండదు, చిన్న గాలికే ఇక్కడ కొంత, అక్కడ కొంత పడిపోతుంది, మీ సంచి లోపలి పొర కూడా అలాగే ముక్కలు ముక్కలుగా రాలుతోంది. "అయితే యూరియా ఆపాలా?" అన్నారు. ఆపనక్కర్లేదు, కాండానికి బలం ఇవ్వాలి అన్నాను. ప్రొజెస్టిరోన్‌లా పనిచేసే లివోనోర్జెస్ట్రెల్‌ను రోజుకు సుమారు 20 మైక్రోగ్రాముల చొప్పున గర్భసంచిలోపలే విడుదల చేసే 52 మిల్లీగ్రాముల హార్మోన్ పరికరాన్ని మార్చి నెలాఖరులో అమర్చాను. ఈ రకం హైపర్‌ప్లేసియాకు మొదటి చికిత్స అదే.

నా పొరపాటు ఈ మధ్యలో జరిగింది. బయాప్సీ ఫలితం చెప్పడానికి పిలిచిన రోజు, మాటల మధ్య ఆమె "ఒళ్లంతా సెగలు కక్కుతుంది మేడమ్, పొయ్యి దగ్గర పని కదా" అన్నారు. పక్కనున్న తోడికోడలు అందుకుని, "తెల్లారగట్ల మూడింటికి పొయ్యి ఎక్కడిదక్కా? నాకూ అంతే, ఆపరేషన్ అయిన కాడి నుంచీ" అన్నారు. రాత్రిపూట చెమటలు పట్టి మెలకువ రావడం అప్పటికి నాలుగు నెలలుగా ఉంది. ఈ వారం రోజులుగా మాత్రం కొంచెం నయంగా ఉందన్నారు. నేను ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్ష రాశాను. 9.4 వచ్చింది, మామూలు అంకె. "ఇది మెనోపాజ్ వేడి కాదమ్మా, రక్తం తక్కువగా ఉండడం వల్ల నీరసం" అని చెప్పి పంపించాను.

అందులో రెండు తప్పులు ఉన్నాయి. మొదటిది, ఆమె అప్పటికి నోరెథిస్టిరోన్ వాడుతున్నారు. ఆ మందు ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అణచగలదు, సెగలను కూడా తగ్గించగలదు. 'ఈ వారం నయంగా ఉంది' అన్న మాట ఆ సంగతినే చెబుతోంది, నేను అందుకోలేదు. రెండోది మరింత మౌలికమైనది. సంధికాలంలో ఎఫ్‌ఎస్‌హెచ్ వారానికొక రకంగా ఉంటుంది. 45 దాటిన స్త్రీలో నెలసరి క్రమం తప్పి సెగలు వస్తుంటే ఈ పరీక్షే అవసరం లేదని 2015లో వచ్చిన బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. 40-45 మధ్య వయసులో అది కొంత ఉపయోగపడవచ్చు. ఎక్కువగా వస్తే నమ్మకం పెరుగుతుంది, మామూలుగా వచ్చిందని పెరిమెనోపాజ్‌ను కొట్టిపారేయడానికి వీల్లేదు. ఇది నాకు తెలియనిది కాదు. కాగితం మీద అంకె కనిపించగానే క్యాలెండర్‌లోని 64 రోజులను మరిచిపోయాను. మే నెలలో మళ్లీ పరీక్షిస్తే 41 వచ్చింది. క్షమించమని అడిగి, మొదటి నుంచి మళ్లీ చెప్పాను.

అప్పటికి సెగలు పగలు ఎనిమిది తొమ్మిది, రాత్రి మూడు. అరికాళ్ల నుంచి కాకుండా రొమ్ము భాగం నుంచి మెడ మీదుగా ముఖానికి ఎక్కి, రెండు మూడు నిమిషాల్లో చెమటగా దిగి, చివరికి చలి వేస్తుందని ఆమె చెప్పిన తీరు పుస్తకంలో ఉన్నట్టే ఉంది. ఈస్ట్రోజెన్ ఒడిదుడుకుల వల్ల మెదడులోని హైపోథాలమస్‌లో ఉండే ఒక రకం నాడీకణాలు అతిగా చురుకై, ఒంటి ఉష్ణోగ్రతను సరిదిద్దే కేంద్రాన్ని అనవసరంగా రేపుతాయి. ఇతరులు గమనించనంత చిన్న వేడికే ఒళ్లు చెమట పట్టించి చల్లబరచుకోవాలని చూస్తుంది. వంటపని ఆమెకు కారణం కాదు గానీ, పొయ్యి దగ్గర నిలబడే మనిషికి ఈ స్థితి ఎంత కష్టమో ఊహించవచ్చు.

సెగల కంటే ఆమెను ఎక్కువ బాధించింది మరొకటి. ఒకే వారంలో రెండుసార్లు సాంబారులో ఉప్పు రెండేసి సార్లు వేశారు. హెడ్‌మాస్టరు పిలిచి అడిగారట. "మా అత్తకి చివర్లో మతి పోయింది, నాకూ అదేనా?" అని గది తలుపు వేశాక అడిగారు. కుంగుబాటు ప్రశ్నావళిలో ఆమె స్కోరు 27కి 11, అంటే మధ్యస్థ స్థాయి. సంధికాలంలో కుంగుబాటు ముప్పు పెరుగుతుంది; దానికి తోడు రాత్రి మూడుసార్లు లేచిన మనిషికి మధ్యాహ్నం ఏం వేశామో గుర్తుండకపోవడానికి చిత్తవైకల్యం అక్కర్లేదు. ఈ మతిమరుపు చాలామందిలో సంధికాలం దాటాక సర్దుకుంటుందని చెప్పినప్పుడు ఆమె ఏడ్చారు. సెగలు 'ఒక ఏడాదిలో పోతాయి' అని చెప్పే అలవాటు నాకు ఒకప్పుడు ఉండేది. అమెరికాలో స్త్రీలను ఏళ్ల తరబడి వెంట ఉండి గమనించిన స్వాన్ అధ్యయనంలో తరచుగా వచ్చే సెగల మధ్యగత కాలం 7.4 ఏళ్లని 2015లో తేలిన తరువాత ఆ మాట మానేశాను.

అప్పుడే ఈస్ట్రోజెన్ ఇవ్వడానికి నేను సిద్ధంగా లేను. లోపలి పొర అతిపెరుగుదల తగ్గిందని బయాప్సీలో చూడకుండా ఆ పొరను పెంచే హార్మోన్‌ను ఇవ్వకూడదు. మధ్యలో సెగల కోసం హార్మోన్ కాని మందు వెన్లాఫాక్సిన్ 37.5 మిల్లీగ్రాములు ఇస్తే వికారం వల్ల పది రోజులకు మానేశారు. రాత్రి అలాంటిదే మరో మందు, గబాపెంటిన్ 300 మిల్లీగ్రాములతో నిద్ర కొంత మెరుగైంది, ఉదయం తల తూలింది. మరుగుతున్న గంగాళం పక్కన తల తూలడం నాకు నచ్చలేదు, ఆపించాను.

జూన్‌లో ఆమె పరికరం తీసేయమని వచ్చారు. ఆ నెలలో 19 రోజులు చుక్కలు చుక్కలుగా రక్తం కనబడింది. వీధిలో అందరూ "ముందే తీయించుకుంటే పోయేది" అంటున్నారు. ఈ పరికరం పెట్టిన మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో ఇలా జరగడం మామూలే, స్త్రీలు పరికరాన్ని అర్ధాంతరంగా తీయించుకునేది కూడా ఎక్కువగా ఇక్కడే. ఆమె వాడిన ప్యాడ్ల లెక్కను మార్చికి ముందరి లెక్కతో పోల్చి చూపించాను: అప్పట్లో రోజుకు ఏడు, ఇప్పుడు ఒకటి. "ఆగస్టు దాకా చూస్తాను" అన్నారు. ఆగస్టు నాటికి రక్తస్రావం పూర్తిగా ఆగింది. సెప్టెంబరు మొదట్లో పరికరం లోపల ఉండగానే తీసిన బయాప్సీలో హైపర్‌ప్లేసియా లేదు.

ఈ సందర్భంలో మన ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలి. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దీనికి డబ్బు ఆశ ఒక్కటే కారణమని నేను అనను. ఇరవై మూడేళ్లకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన ఊళ్లలో గర్భసంచి పని ముగిసిన సంచిగా మిగులుతుంది. నెలకు నాలుగు రోజుల కూలి పోతుందన్న లెక్క ఉంది. మరుగుదొడ్డి సరిగా లేని పనిచోట్లు ఉన్నాయి. ఇవన్నీ కలిసి ఉన్నచోట ఒక డాక్టరు 'తీసేద్దాం' అంటే అది బలవంతంలా కాక ఊరటలా వినిపిస్తుంది. అనవసరమైన హిస్టరెక్టమీలను (గర్భసంచి తీసే ఆపరేషన్లను) అడ్డుకోవడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. అండాశయాలను ఉంచి గర్భసంచిని మాత్రమే తీసినా మెనోపాజ్ ముందుగా వచ్చే ముప్పు సుమారు రెట్టింపవుతుంది. 45 లోపు రెండు అండాశయాలనూ తీస్తే గుండె, ఎముకలు దెబ్బతినే ప్రమాదం బాగా పెరుగుతుంది.

సెప్టెంబరులో, రొమ్ముల పరీక్ష, మామోగ్రామ్ మామూలుగా ఉన్నాయని చూసుకున్నాక, రాత్రిపూట చేతికి రాసుకునే ఎస్ట్రాడయాల్ (ఈస్ట్రోజెన్) జెల్‌ను 0.75 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెల తరువాత 1.5కి పెంచాను. గర్భసంచిలోని పరికరమే లోపలి పొరకు రక్షణ కాబట్టి వేరే ప్రొజెస్టిరోన్ మాత్ర అవసరం లేదు. హార్మోన్లంటే రొమ్ము క్యాన్సర్ అని ఆమె కొడుకు ఫోన్‌లో చదివి వచ్చి అడిగాడు. ఆ భయం 2002 జులైలో మధ్యలో ఆపేసిన అమెరికా ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ ప్రయోగం నుంచి వచ్చింది. అందులో పాల్గొన్న స్త్రీల సగటు వయసు 63. వాడినవి గుర్రపు మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్, మెడ్రాక్సీప్రొజెస్టిరోన్ అనే కృత్రిమ ప్రొజెస్టిరోన్ కలిసిన మాత్రలు. అదనంగా కనబడిన రొమ్ము క్యాన్సర్లు ఏడాదికి పదివేల మందిలో 8. ముప్పు సున్నా అని నేను చెప్పలేదు. 60 లోపు, మెనోపాజ్ అయిన పదేళ్లలోపు మొదలుపెట్టే స్త్రీకి ఆ లెక్క యథాతథంగా వర్తించదని, చర్మం ద్వారా ఇచ్చే ఈస్ట్రోజెన్‌తో మాత్రలతో వచ్చినట్టు రక్తనాళాల్లో గడ్డలు పెరగవని చెప్పాను. కొడుకు రాసుకున్నాడు. ఆ పూట ఓపీలో ఎక్కువ సమయం తీసుకున్నది అతనే, నాకు నచ్చింది కూడా అతనే.

ఆరు వారాలకు సెగలు రోజుకు ఒకటి రెండుకు తగ్గాయి. కుంగుబాటు స్కోరు 4. విటమిన్ డి లోటును పూడ్చాం. చక్కెర కోసం సాయంత్రం నడక మొదలుపెట్టారు, ఏడాదికి 5.7 శాతానికి వచ్చింది. మరుసటి మార్చిలో రెండో బయాప్సీ కూడా మామూలుగానే ఉంది.

ఇప్పుడు మొదటిసారి వచ్చి 26 నెలలైంది. "నాకు ఉడిగినట్టేనా?" అని ప్రతిసారీ అడుగుతారు. పరికరం వల్ల నెలసరి ఆగింది కాబట్టి 12 నెలల సూత్రం ఆమెకు పనిచేయదు, చివరి నెలసరి ఏదో మేమిద్దరం ఎన్నటికీ చెప్పలేం. ఈస్ట్రోజెన్‌కు తోడుగా ఉన్నంతకాలం పరికరాన్ని ఐదేళ్లకు మార్చాలి, ఏడాదికోసారి బీపీ, రొమ్ముల పరీక్ష, జెల్ మోతాదుపై చర్చ. ప్రస్తుతానికి ప్రణాళిక ఇంతే. డ్వాక్రా అప్పుతో కుట్టుమిషను కొన్నారు.

పోయిన నెల ఆమె ఒంటరిగా రాలేదు. తోడికోడలిని మళ్లీ తీసుకొచ్చారు, ఈసారి చూపించడానికి. వయసు 41, ఆపరేషన్ అయి ఐదేళ్లు. సెగలు ఇంకా ఉన్నాయి, జనవరిలో బాత్రూమ్‌లో జారి మణికట్టు విరిగింది. ఆపరేషన్ కాగితాలు ఇంట్లో దొరకలేదు, అండాశయాలు ఉంచారో తీశారో ఆమెకు ఎవరూ చెప్పలేదు, స్కానింగ్‌లో కనిపించలేదు. ఎఫ్‌ఎస్‌హెచ్ 71. రెండేళ్ల క్రితం ఈ గదిలోనే 'నాకూ అంతే' అని ఆమె అన్న మాటను తేదీ వేసి, ఆమె ఫైలులో మొదటి లైనుగా రాశాను.